ఆరో చిప్ప

ప్రకాశం జిల్లాలో, చీమకుర్తి గ్రానైట్ లారీలు దుమ్ము లేపుకుంటూ పోయే రోడ్డు పక్కన ఒక హైస్కూలు. ఊరి పేరుతో కథకు పని లేదు. స్కూలు వెనక ఆటస్థలంలో అటొకటి ఇటొకటి రెండు సరుగుడు గుంజలు పాతి ఉంటాయి. వాటి మధ్య ముగ్గుపిండితో గీసిన దారి, దారి మీద ఎనిమిది గడులు. వానొస్తే గీతలు చెరిగిపోతాయి, మర్నాడు మళ్లీ గీస్తారు. గుంజలు మాత్రం ఏళ్లుగా అవే. పిల్లల అరచేతులు రాసుకుని రాసుకుని గాజులా నున్నబడ్డాయి.

అక్కడ రోజూ సాయంత్రం పన్నెండు మంది ఆడపిల్లలు ఖోఖో ఆడేవాళ్లు. ఇంట్లో పెట్టిన పేర్లు హాజరుపట్టీలో ఉండేవి, మైదానంలో ఆట పెట్టిన పేర్లే చెల్లేవి. చెయ్యి చాపితే అందకుండా పోయే పిల్ల జింక. గుంజ దగ్గర నేల మీద పడి మరీ ముట్టుకునే పిల్ల పిల్లి. పొద్దస్తమానం వాగే పిల్ల రేడియో. అందరికంటే పొట్టిగా, అందరికంటే నిదానంగా ఉండే ఎనిమిదో తరగతి పిల్ల బుడ్డి.

ఆ ఏడు కెప్టెన్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. జింక పదో తరగతి, పైగా పరుగులో జిల్లాలోనే ఎన్నదగ్గ పిల్ల. మన స్కూళ్లలో గొంతు పెద్దదైతే క్లాసు లీడరు, కాళ్లు చురుకైతే కెప్టెన్. అట్లాగే అయింది.

ఖోఖో ఆడనివాళ్లు తెలుగునాట తక్కువే. అయినా ఒక నియమం గుర్తు చేసుకోవాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి గడుల్లో కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. అవతలి జట్టు రన్నర్ కూర్చున్నవాళ్ల సందుల్లోంచి అటూ ఇటూ దూరగలదు. తరిమే మనిషి దూరకూడదు, పట్టిన దిక్కు వదిలి వెనక్కి తిరగకూడదు. రన్నర్ అవతలికి దాటిందంటే, తనకు వీపు పెట్టి కూర్చున్న మనిషిని తట్టి ‘ఖో’ అనాలి. ఖో అందుకున్న మనిషి లేచి ఉరుకుతుంది. ఖో ఇచ్చిన మనిషి ఆ గడిలో కూర్చోవాలి.

జింకకు ఈ ఆఖరి మాటే గిట్టేది కాదు.

అక్టోబరులో డివిజన్ పోటీలకు వెళ్లారు. ఆఖరి టర్నులో తొమ్మిది నిమిషాలు చేతిలో ఉన్నాయి, ఎనిమిది మందిని ఔట్ చేయాలి. ఆ టర్నులో జింక పరుగు చూసి అవతలి స్కూలు పిల్లలు కూడా నోళ్లు తెరిచారు. ఖో ఇస్తే తను కూర్చోవాలి, తను కూర్చుంటే ఓడిపోతామని ఆ పిల్ల నమ్మకం. రన్నర్ సందులోంచి అవతలికి దాటినా ఖో ఇవ్వకుండా, గుంజ దాకా ఉరికి, చుట్టు తిరిగి, అవతలి వైపు తరిమేది. అవతలి జట్టులో ఒక పొడుగు పిల్ల ఉంది. ఆ పిల్ల రెండు గడుల చుట్టూ రింగు ఆడుతూ, నవ్వుకుంటూ, జింకను గానుగెద్దులా తిప్పింది. విజిల్ పడేసరికి ఔటైంది ఐదుగురే. అందులో నలుగురు జింక ముట్టుకున్నవాళ్లు.

తిరుగు ప్రయాణంలో పల్లెవెలుగు బస్సు వెనక సీట్లలో జింక గొంతు తప్ప ఇంకోటి వినపడలేదు.

“నలుగుర్ని నేనే కొట్టా. మీరంతా కలిసి ఒక్కదాన్ని. మీరు లేచేలోపు రన్నర్ పొదిలి దాకా పోద్ది. ఒక్కదాన్నే ఎంతకని ఉరకాలే?”

ఎవరూ బదులు చెప్పలేదు. రేడియో కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రెండు సీట్ల ముందు కూర్చున్న డ్రిల్లు సారు అన్నీ విన్నాడు. ఒక స్టాపులో దిగి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కొచ్చి తలా ఒక పొట్లం ఇచ్చాడు. మాట మాత్రం మాట్లాడలేదు. ఓడిన రోజు చెప్పే నీతి ఎవరి చెవికీ ఎక్కదని ఆయనకు తెలుసు.

సోమవారం సాయంత్రం ఆయన ఒక గోనెసంచితో వచ్చాడు. అందులోంచి ఎనిమిది కొబ్బరి చిప్పలు తీసి కంచె పక్కన వరసగా పెట్టాడు. గుడ్డమూట విప్పితే గుప్పెళ్ల కొద్దీ చింతపిక్కలు.

“ఓమనగుంటలు ఆడతామా సార్?” అంది రేడియో.

“మీ ఆట మీరు ఆడండి. నేనిక్కడ కూర్చుంటా. ఏ గడికి ఖో పడితే ఆ గడి చిప్పలో ఒక పిక్క. అంతే.”

“ఎవరు ఎంతమందిని ఔట్ చేశారో లెక్కెయ్యొద్దా సార్?” అంది జింక.

“అది ఎవరికి వాళ్లకి గుర్తుంటదిలేమ్మా.”

ఆ వారమంతా అట్లాగే సాగింది. మొదట్లో పిల్లలు చిప్పల వంక చూసి నవ్వుకున్నారు, మూడో రోజుకు వాటిని మర్చిపోయారు. శనివారం చీకటి పడే వేళ సారు అందర్నీ కంచె దగ్గరికి పిలిచాడు. నాలుగో చిప్ప పొంగి పిక్కలు కింద పడ్డాయి. రెండు, ఎనిమిది నిండుగా ఉన్నాయి. ఒకటి, ఐదు సగానికి వచ్చాయి. మూడు, ఏడుల్లో అడుగున కొన్ని. ఆరో చిప్పలో ఒక్క పిక్కా లేదు. కొబ్బరి వాసనకు వచ్చిన చీమ ఒకటి అందులో తిరుగుతోంది.

అందరి తలలూ బుడ్డి వైపు తిరిగాయి. ఖోఖోలో ఖో పడితేనే గడి మారుతుంది. ఖో పడని మనిషి మొదలెట్టిన చోటే ఉండిపోతుంది. వారం రోజులుగా బుడ్డిది ఆరో గడే.

జింక ఒక్కతే ఇవ్వకపోతే చిప్ప అంత ఖాళీగా ఉండదు. తరిమేది జింక ఒక్కతే కాదుగా. జింక ఇవ్వడం లేదని మిగతావాళ్లూ ఇవ్వడం మానేశారు. కెప్టెన్ కళ్లు ఎవరి మీదినుంచి జారిపోతాయో, జట్టు కళ్లూ వాళ్ల మీదినుంచే జారిపోతాయి. ఎవరూ అనుకుని చేసిన పని కాదు. ఎవరూ గమనించిన పనీ కాదు.

“ఏందే, ఒక్కటీ రాలా? అడగొచ్చుగా?” అంది జింక. గొంతులో కోపం తెచ్చుకోబోయింది గానీ రాలేదు.

బుడ్డి పాదాల వంక చూసుకుంది. “అడిగితే రన్నర్‌కి తెలిసిపోద్ది గదక్కా. అయినా మునికాళ్ల మీదే కూర్చున్నా. ఒకవేళ ఇస్తావేమోనని.”

జింక మైదానంలోకి నడిచింది. ఆరో గడిలో, కాలివేళ్లు ఆనే చోట, రెండు చిన్న గుంటలు పడి ఉన్నాయి. వారం పాటు లేవడానికి సిద్ధంగా కూర్చుని, ఒక్కసారీ లేవని కాళ్లు తవ్విన గుంటలు. అంత లోతు గుంటలు ఇంకే గడిలోనూ లేవు.

ఆ పిల్ల చాలాసేపటికి తిరిగొచ్చింది. “మరి వారం నుంచి అక్కడ కూర్చుని ఏం చేస్తన్నావే?”

“చూస్తన్నానక్కా.”

“ఏం చూశావు?”

బుడ్డి సారు వంక చూసింది. ఆయన తల ఊపాడు. అప్పుడు ఆ పిల్ల ఏడాదిగా దాచిపెట్టుకున్న మూట విప్పినట్టు చెప్పుకుపోయింది. “నువ్వు మూడు చుట్ల దాకా ఒకే తీరున ఉరుకుతావు. నాలుగో చుట్టులో నీ అడుగుల చప్పుడు మారిద్ది. రన్నర్లు దాని కోసమే కాసుకునుంటారు. పిల్లక్క గుంజ దగ్గర పడబోయే ముందు కుడి భుజం దించుద్ది, వాళ్లు ముందే తప్పుకుంటన్నారు. డివిజన్లో మనల్ని ఆడించిన పొడుగక్క ఉందే, సందులోకి దూరే ముందు ఎడం చెయ్యి తొడకేసి కొట్టుకుంటది. ప్రతిసారీ.”

పిల్లి తన కుడి భుజం తడుముకుంది.

“ఇంత తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు సారు.

“ఎవరూ అడగలేదు సార్.”

ఆ మాట జింకకు తగిలింది. సారుకు ఇంకా గట్టిగా తగిలింది. పదహారేళ్లుగా ఆయన ఆ మైదానంలో పిల్లలకు చెబుతున్నాడు. అడగడం ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తు లేదు.

మరుసటి వారం నుంచి రోజుకొక కెప్టెన్. వంతు తప్పకుండా పన్నెండు మందికీ రావాలి. గుంజలు సరిచూడటం, గీతలు గీయించడం, ఎవరు ఏ గడిలో కూర్చోవాలో చెప్పడం, తగువొస్తే తీర్చడం, నీళ్ల కుండ నిండిందో లేదో చూడటం అన్నీ ఆ రోజు కెప్టెన్ పనే. సారు పెట్టిన షరతులు రెండు. ఎవరికైనా ఏదైనా చెప్పే ముందు వాళ్లను ఒక మాట అడగాలి. ఆట అయ్యాక ఆ రోజు తను చేసిన తప్పు ఒకటి తనే చెప్పాలి. దాన్ని ఇంకెవరూ ఎత్తిచూపకూడదు, నవ్వకూడదు.

మొదటి వారం చెప్పుకోవడానికి లేదు. పిల్లి కెప్టెన్ అయిన రోజు ఎవరూ మాట వినలేదు. రేడియో కెప్టెన్ అయిన రోజు గడులు పంచేసరికే పొద్దు వాలింది. ఇంకో పిల్ల సిగ్గుతో గుంజ వెనక నిలబడిపోయింది. నీళ్ల కుండ రెండు రోజులు ఖాళీ. సారు ప్రహరీగోడ మీద కూర్చుని ఉండేవాడు. విజిల్ నోట్లో పెట్టుకునేవాడు, ఊదకుండానే తీసేసేవాడు. ఆ రోజుల్లో ఆయన చేసిన కష్టమైన పని అదే.

మెల్లగా ఒక్కొక్కటీ కుదిరింది. రేడియోకు ఉన్న నోరు తగువులు తీర్చడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. సిగ్గుపడే పిల్ల గీసిన గీతలు జట్టులో అందరి గీతలకంటే తిన్ననివి. పిల్లి రెండో వంతు వచ్చేసరికి అరవడం మాని, ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లి చెప్పడం నేర్చుకుంది.

జింక మాత్రం తన వంతు కాని రోజుల్లో నలిగిపోయేది. చేతులు ఊరుకునేవి కావు, నోరు అసలే ఊరుకునేది కాదు. ఒక సాయంత్రం ఏమనుకుందో, ఆ రోజు కెప్టెన్ దగ్గరికెళ్లి, “నన్ను ఆరో గడిలో కూర్చోబెట్టు” అంది.

ఇరవై నిమిషాలు కూర్చుంది. ఖో రాలేదు. జింక కెప్టెన్‌గా ఉన్నప్పుడు తిన్న తిట్లు అందరికీ గుర్తున్నాయి, ఆ వీపు తట్టడానికి చేతులు జంకాయి. కాళ్లు తిమ్మిరెక్కాయి. వెనక ఏం జరుగుతోందో కనపడదు. వీపంతా చెవులైంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చేది, దూరమయ్యేది. ఒకసారి సరిగ్గా తన వెనక చప్పుడు నెమ్మదించింది, చెయ్యి లేచిన గాలి మెడకు తగిలింది, ఖో మాత్రం ఎనిమిదో గడికి పోయింది.

తన చెయ్యి ఎన్నిసార్లు అట్టా బుడ్డి వీపు దాకా వచ్చి వెనక్కి పోయిందో ఆ పిల్ల లెక్కేసుకోబోయింది. తేలలేదు.

ఆ రోజు ఆట అయ్యాక తప్పు చెప్పుకోవలసిన వంతు జింకది కాదు. అయినా లేచి నిలబడి, “బస్సులో నేనన్న మాటలు తప్పు” అంది. అంతే అని కూర్చుంది.

సంక్రాంతికి పక్క మండలంలో పోటీలు పెట్టారు. పొగాకు బ్యారన్ల పొగ, మంచు కలిసిన పొద్దున. మొదటి మ్యాచ్‌లోనే అవతల అదే స్కూలు, అదే పొడుగు పిల్ల.

ఆఖరి టర్నులో నిమిషం మిగిలింది. ఒకర్ని ఔట్ చేస్తే సమం, ఇద్దర్ని చేస్తే గెలుపు. పొడుగు పిల్ల ఐదు, ఆరు గడుల దగ్గర రింగు మొదలుపెట్టింది. వెనక జింక. మూరెడు దూరం. పాత జింక అయితే మీదికి దూకేది. అందితే చప్పట్లు, అందకపోతే జట్టును తిట్టడానికి ఇంకో రోజు. ఈ జింక రన్నర్ వీపు వంక చూడలేదు. చేతి వంక చూసింది.

పొడుగు పిల్ల ఎడం చెయ్యి తొడ మీద పడింది.

“ఖో!”

ఆరో గడిలో వీపు మీద చెయ్యి పడిన మరుక్షణం బుడ్డి లేచింది. ఉరకలేదు. ఉరికే అవసరం లేదు. ఒక్క అడుగు పక్కకు వేసి చెయ్యి చాపింది. సందులోంచి దూసుకొచ్చిన పొడుగు పిల్ల తనంతట తానే వచ్చి ఆ చేతికి తగిలింది. అందరికంటే నిదానమైన పిల్ల, అందరికంటే ముందుగా అక్కడుంది.

అప్పటికే జింక ఆరో గడిలో కూర్చుని ఉంది.

మిగిలిన రన్నర్ గుంజ వైపు పరుగెత్తింది. బుడ్డి రెండు అడుగులు వేసి గుంజకు దగ్గరి గడిలో ఉన్న పిల్లికి ఖో ఇచ్చింది. పిల్లి గుంజ పట్టుకుని గాల్లోకి లేచింది. ఈసారి కుడి భుజం దిగలేదు. రన్నర్‌కు తెలిసేలోపే మడమ మీద వేళ్లు పడ్డాయి.

ఆ మ్యాచ్ గెలిచారు. మిట్టమధ్యాహ్నం తర్వాతి మ్యాచ్ ఓడిపోయారు. కప్పు ఇంకెవరో పట్టుకుపోయారు.

తిరుగు బస్సులో మళ్లీ వేరుశనక్కాయల పొట్లాలు. రేడియో పొడుగు పిల్ల ముఖం ఎట్లా పెట్టిందో చేసి చూపిస్తుంటే అందరూ నవ్వుతున్నారు. బుడ్డి మాత్రం కాయ ఒలుచుకుంటూ ఏదో ఆలోచిస్తోంది. కాసేపటికి జింక వైపు వంగి, “అక్కా, రెండో మ్యాచ్‌లో మూడో గడికి ఎన్ని ఖోలు పడ్డయ్యి?” అంది.

జింకకు తెలియదు. మూడో గడిలో కూర్చున్నది గీతలు గీసే సిగ్గరి పిల్ల. మూడు సీట్ల అవతల కిటికీకి తల ఆనించి ఉంది. నవ్వుతున్నవాళ్లలో ఆ పిల్ల లేదని జింక అప్పుడు చూసింది. బుడ్డి ఎప్పుడో చూసింది.

మార్చి వచ్చింది. పదో తరగతి హాల్‌టికెట్లు ఇచ్చిన సాయంత్రం జింకకు మైదానంలో ఆఖరి ఆట. వచ్చే ఏడు కెప్టెన్ పిల్లేనని అందరూ అనుకుంటున్నారు. పిల్లి కూడా అనుకుంటోంది. సారు ఏమీ అనలేదు, గోడ మీదే కూర్చున్నాడు.

ఎనిమిది మందీ గడుల్లో కూర్చున్నారు. జింక గుంజ దగ్గర మొదలుపెట్టి వరస వెంట నడిచింది. రన్నర్లు ఎవరూ లేరు. రెండో గడి దాటింది, నాలుగో గడి దాటింది. ఆరో గడి వెనక ఆగింది. చెయ్యి ఎత్తి, వెనక్కి తీసుకోకుండా, ఆ చిన్న వీపు మీద వేసింది.

“ఖో.”

బుడ్డి లేచింది. ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం నిలబడి, తర్వాత నడిచింది, ముందుగా మూడో గడి వైపు. జింక ఆరో గడిలో, తన పాదాలకు ఇరుకైన ఆ రెండు గుంటల్లో వేళ్లు ఆనించి, మునికాళ్ల మీద కూర్చుంది.

సారు గోడ దిగి, మూటలోంచి ఒక చింతపిక్క తీసి ఆరో చిప్పలో వేశాడు.

నీతి

జట్టులో ఎవరి చిప్ప ఖాళీగా ఉందో ముందుగా చూసేవాళ్లే నాయకులు. ఖో ఇచ్చాక కూర్చోవడం వచ్చినవాళ్లే మంచి నాయకులు.

పరుగు, నాయకత్వం రెండు వేరువేరు విద్యలు. మొదటిదానికి రోజూ సాధన చేయిస్తాం. అడుగు ఎట్లా వేయాలి, ఊపిరి ఎట్లా పట్టాలి, గుంజ దగ్గర ఎట్లా పడాలి అని ఏళ్ల తరబడి నేర్పుతాం. రెండోదాన్ని మాత్రం కెప్టెన్ అన్న పేరుతో పాటు దానంతట అదే వచ్చేస్తుందనుకుంటాం. వేగంగా ఉరికే పిల్ల చేతికి జట్టును అప్పగించి, ఆ పిల్ల అరిస్తే ‘కెప్టెన్సీ చేతకాలేదు’ అని పెదవి విరుస్తాం. నేర్పని పాఠానికి మార్కులు వేయడం లాంటిది ఇది.

కథలోని సారు ఉపన్యాసం ఇవ్వలేదు. చేసినవి కొన్ని చిన్న పనులు. ముందుగా, లెక్క మార్చాడు. మనం దేన్ని లెక్కపెడితే పిల్లలు దాని కోసమే ఆడతారు. గోల్స్, పరుగులు, ఔట్లు మాత్రమే లెక్కపెట్టినంతకాలం ప్రతి పిల్లా తన చిప్ప నింపుకోవడమే ఆట అనుకుంటుంది. ఎవరికి బంతి అందింది, ఎవరికి అందలేదు, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అని లెక్కపెట్టి చూడండి. ఆట అదే, పిల్లలూ వాళ్లే, కళ్లు మాత్రం పక్కవాళ్ల మీదికి తిరుగుతాయి. చింతపిక్కలకు ఖర్చు కూడా లేదు.

తర్వాత, వంతులు పెట్టాడు. పడకుండా సైకిల్ వచ్చినవాళ్లు లేరు, తప్పు చేయకుండా నాయకత్వం వచ్చినవాళ్లూ లేరు. ఫైనల్ మ్యాచ్ రోజున తప్పు చేస్తే ఖరీదెక్కువ. మంగళవారం సాయంత్రం నీళ్ల కుండ నింపించడం మర్చిపోతే పోయేది కాస్త దాహమే. చిన్న బాధ్యతలు చిన్న తప్పులకు చోటిస్తాయి, ఆ తప్పుల్లోనే పాఠం ఉంటుంది. పన్నెండు మందికీ వంతు రావడంలో ఇంకో లాభం ఉంది. ఒకసారి కెప్టెన్‌గా నిలబడి ఎవరూ మాట వినక ఇబ్బంది పడ్డ పిల్ల, మర్నాడు ఇంకో కెప్టెన్ మాట చక్కగా వింటుంది. నడిపించడం, నడవడం రెండూ ఒకే బడిలో నేర్చుకునే చదువులు.

మూడోది, చెప్పే ముందు అడగమన్నాడు. బుడ్డి దగ్గర ఉన్నది కూర్చున్నవాళ్లకు మాత్రమే దొరికే జ్ఞానం. ఉరికేవాళ్లకు రన్నర్ వీపు కనపడుతుంది, కూర్చున్నవాళ్లకు ఆట మొత్తం తీరు తెలుస్తుంది. ప్రతి జట్టులో, ప్రతి తరగతిలో ఇట్లాంటి పిల్లలుంటారు. అడగనంతకాలం వాళ్ల దగ్గర ఏముందో ఎవరికీ తెలియదు, కొన్నాళ్లకు వాళ్లూ మర్చిపోతారు.

అన్నిటికంటే కష్టమైంది, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా ఉండటం. మైదానం అంచున నిలబడి ‘అటు కొట్టు, ఇటు పరుగెత్తు’ అని కేకలేసే కోచ్‌లూ, గేటు బయట నిలబడి పేరు పెట్టి అరిచే అమ్మానాన్నలూ పిల్లల మీద ప్రేమతోనే ఆ పని చేస్తారు. ప్రతి నిర్ణయం బయటి గొంతు నుంచి వచ్చే చోట లోపలి గొంతు పెరగదు. పెద్దవాళ్లూ పిల్లలకు ఖో ఇవ్వాలి. ఇచ్చాక కూర్చోవాలి.

ఈ నియమం పల్లెటూరి మైదానానికే పరిమితం కాదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. ప్రియాంక ఇంగ్లే నడిపించిన మహిళల జట్టూ, ప్రతీక్ వైకర్ నడిపించిన పురుషుల జట్టూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి రెండు కప్పులూ మన దేశానికి తెచ్చాయి. ప్రపంచకప్ కెప్టెన్ అయినా ఖో ఇచ్చిన మరుక్షణం మట్టి మీదో మ్యాట్ మీదో కూర్చోవలసిందే. కెప్టెన్‌ను ఇన్నిసార్లు కూర్చోబెట్టే ఆట ఇంకొకటి దొరకడం కష్టం.

కూర్చోవడం అంటే ఓడిపోవడమని పిల్లలు అనుకుంటారు. వాళ్లకు చెప్పవలసిన నిజమైన కథ ఒకటుంది. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ కెప్టెన్సీలో భారత మహిళల క్రికెట్ జట్టు 2005లోనూ, 2017లోనూ వన్డే ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. రెండుసార్లూ ఓడింది, రెండోసారి తొమ్మిది పరుగుల తేడాతో. 2022లో ఆమె ఆట విరమించింది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ఆ కప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా ఉంది. కప్పు అందుకున్న అమ్మాయిలు దాన్ని తీసుకెళ్లి, అక్కడికొచ్చిన పాతతరం క్రీడాకారిణులు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. ఖో ఇచ్చి కూర్చున్నవాళ్లను లేచి ఉరికినవాళ్లు మర్చిపోలేదు.

మీ జట్టుకు కప్పు రావచ్చు, రాకపోవచ్చు. ఈ శనివారం ఆట అయ్యాక మాత్రం ఒకసారి చిప్పలు చూడండి. ఏదో ఒక గడిలో, లేవడానికి సిద్ధంగా, మునికాళ్ల మీద ఒక పిల్ల కూర్చునే ఉంటుంది.